నాలుగు బోల్టులు

"ఇక్కడ దేవుని మందిరం ఉండె గదా అక్కా" అంది జయంతి, గోడకున్న నాలుగు రంధ్రాల మీదికి ఫోన్ లైటు కొడుతూ. "ఏది?"

"తీసేశాను" అంది విజయశ్రీ.

"ఎందుకు తీసిన్రు?"

"ఇల్లు అమ్ముకుని పోతున్నాం. సామాను సర్దుకోవద్దా?"

జయంతి లైటు ఆర్పి కూర్చోడానికి కుర్చీ కోసం చూసింది. కుర్చీలన్నీ పోయిన శనివారమే గరాజ్ సేల్‌లో వెళ్లిపోయాయి. చివరికి పుస్తకాల అట్టపెట్టె మీద చతికిలబడింది.

పోయిన వారం భాగంలో విజయశ్రీని స్పానర్‌తో సహా స్టూలెక్కించి వదిలేశాం కదా. ఆవిడ ఏ పనీ సగంలో ఆపే మనిషి కాదు. మొగుడు ఊళ్లో లేని ఆ ఆదివారం మధ్యాహ్నమే మందిరాన్ని గోడ నుంచి ఊడదీసి, తలుపులు, శిఖరం, పీఠం దేనికది విప్పి, పాత దుప్పట్లు చుట్టి గరాజ్‌లో పడుకోబెట్టింది. దేవుళ్లని మాత్రం వంటింట్లో మైక్రోవేవ్ పక్కన కూర్చోబెట్టి, "రెండు రోజులు సర్దుకోండి" అని చెప్పింది. ఆ రెండు రోజులూ అయ్యాయి. ఇవాళ మంగళవారం. గురువారం డబ్బు చేతులు మారితే ఈ ఫ్రీమాంట్ ఇల్లు వీళ్లది కాదు.

ఇల్లు కొంటున్న ఉదయ్, సంహిత చివరిసారి చూసుకోడానికి పొద్దున్నే వచ్చారు. ఖాళీ గోడ దగ్గర ఐదు నిమిషాలు నిలబడ్డారు. కారెక్కి వెళ్లిపోయారు. ఏజెంటు జయంతి మాత్రం ఉండిపోయింది. అమ్మేవాళ్లకీ కొనేవాళ్లకీ ఆమే ఏజెంటు కాబట్టి, ఎవరికి కోపం వచ్చినా ఆమె ఫోనే మోగుతుంది.

"వాళ్లు మందిరం అడుగుతున్నరు" అంది జయంతి.

"అడగడమేంటి? అది నాది."

"గోడకు బిగించిన్రు గదా అక్కా. బిగించినంక అది ఇంటిది."

అప్పుడే విజయశ్రీ మొగుడు చక్రపాణి పేపర్ కప్పులో కాఫీ పట్టుకుని వచ్చాడు. కంపెనీ తన టీమ్‌ని వేరే రాష్ట్రంలోని బెంటన్‌విల్‌కి మార్చి మూడు నెలలైంది. సంతకాల కోసమని రాత్రే ఫ్లైట్ దిగాడు. ఖాళీ గోడని అప్పుడే మొదటిసారి చూసినట్టున్నాడు, కప్పు పట్టుకున్న చెయ్యి నోటిదాకా వెళ్లలేదు.

"సోఫా మనది, డైనింగ్ టేబుల్ మనది. మందిరం ఇంటిదెలా అవుతుంది జయంతీ?" అని అడిగింది విజయశ్రీ. "అదీ ఫర్నిచరే కదా."

"ఫర్నిచర్ వేరక్కా, ఫిక్స్చర్ వేరు. అందరూ రెండూ ఒకటే అనుకుంటరు, ఆడనే తకరారు వస్తది. మంచిగ చెప్తా వినండి. ఇల్లు పట్టుకుని తలకిందులు చేసినమనుకోండి. ఏది రాలి పడ్తదో అది మీది. ఏది గోడను పట్టుకుని ఉంటదో అది కొన్నోళ్లది. మీ మందిరానికి నాలుగు బోల్టులున్నయి, లోపల లైట్లకు వైరు గోడలకెల్లి వచ్చింది. రాలి పడదు."

విజయశ్రీ మొగుడి వైపు చూసింది. ఆ బోల్టులు ఆయన పుణ్యమే. ఆరేళ్ల కిందట ఓ సాయంత్రం భూమి కాస్త కదిలింది. వంటింట్లో గ్లాసులు గలగలమన్నాయి, మందిరంలో వినాయకుడు బోర్లా పడ్డాడు. మర్నాడే చక్రపాణి వెళ్లి అరచెయ్యంత బోల్టులు నాలుగు తెచ్చి, దేవుడు మళ్లీ పడకూడదని మందిరాన్ని గోడకి బిగించేశాడు. భక్తితో చేసిన పనే. ఆ భక్తే ఇప్పుడు మందిరాన్ని ఇంటికి రాసిచ్చింది.

"తీసుకెళ్దామనుకుంటే ముందే రాయాలక్కా. మేం తీసుకపోయేవి ఇవీ అని ఫారంలో ఒక గడి ఉంటది. మీది ఖాళీగ ఉంది."

"ఆ ఫారం నేను చూడలేదు."

చక్రపాణి కాఫీ తాగడం మొదలుపెట్టాడు.

జయంతి లేచి చున్నీ సర్దుకుంది. "నాలుగింటికి నోటరీ ఆమె మీ ఇంటికే వస్తది. ఆలోపు మందిరం గోడకు ఉంటే ఏ పంచాయితీ లేదు. లేకుంటే గురువారం వాళ్లు పైసలు పంపరు. గురువారం ఇవి రాకుంటే శుక్రవారం మీ బెంటన్‌విల్ ఇల్లు పోతది. నాకు ఇద్దరూ కావాలక్కా, నన్ను ఆగం చెయ్యకున్రి."

ఆమె కారు సందు తిరిగేదాకా ఇద్దరూ కిటికీలోంచి చూస్తూ నిలబడ్డారు.

"మళ్లీ బిగించేద్దాం విజయా" అన్నాడు చక్రపాణి మెల్లగా. "అక్కడికి వెళ్లాక ఇంతకన్నా మంచిది కొందాం. ఆన్‌లైన్‌లో బోలెడున్నాయి. తెల్ల పాలరాయివి కూడా వస్తున్నాయి."

"కొందామా?"

"అంటే నా ఉద్దేశం..."

"అది కొన్నది కాదని గుర్తుందా మీకు?"

ఆయన డ్రిల్ ఏ అట్టపెట్టెలో ఉందోనని వెతకడం మొదలుపెట్టాడు. విజయశ్రీకి మాత్రం ప్రతి పలకా గుర్తుంది. పెళ్లయి అమెరికా వచ్చాక తొమ్మిదేళ్లు ఆవిడ హెచ్-ఫోర్ మీద, అంటే మొగుడి వెంట వచ్చినవాళ్లకిచ్చే వీసా మీద ఉంది. ఎమ్మెస్సీ ఫిజిక్స్ సర్టిఫికెట్ సూట్‌కేసులో, తను వంటింట్లో. ఉద్యోగం చెయ్యకూడదు, చదువుకోవచ్చు. అడల్ట్ స్కూల్లో ఫీజు తక్కువ క్లాసేదని అడిగితే వడ్రంగం అన్నారు. సరే అంది. మొదటి నెల ఉలి పట్టుకోవడం రాక ఎడమ చేతి బొటనవేలు కోసుకుంది, ఆ గీత ఇప్పటికీ ఉంది. రెండో ఏడాదికి టేకు పలకకి చిత్రిక పడుతుంటే పొరలు ఉల్లిపొట్టులా లేచేవి. ఒక్క మేకు వాడకుండా, పలకలు ఒకదాన్లో ఒకటి ఇమిడిపోయేలా కీళ్లు కోసి, రెండేళ్లు కష్టపడి ఐదడుగుల మందిరం నిలబెట్టింది. ఇంటికొచ్చినవాళ్లు "ఎక్కడ కొన్నారండీ?" అనేవారు. చక్రపాణి నవ్వి, "మా ఆవిడ టైంపాస్" అనేవాడు.

ఆ తొమ్మిదేళ్లలో తనకంటూ మిగిలింది అదొక్కటే.

కూతురు దియ మెట్లు దిగి వచ్చింది. కాలేజీ అయిపోయి ఉద్యోగం వెతుక్కుంటున్న పిల్ల, తల్లిదండ్రుల గొంతు తగ్గినప్పుడే గొడవని కనిపెట్టడం చిన్నప్పుడే నేర్చుకుంది.

"అమ్మా, జయంతి ఆంటీ టెక్స్ట్ చేసింది. ఇట్స్ మై ఫాల్ట్ కూడా, కొంచెం."

"నీదేంటి మధ్యలో?"

"ఇంటి యాడ్ నేను రాశాను కదా. జయంతి ఆంటీ అడిగింది, ఇంగ్లీష్ బాగా రాస్తావు అని. కస్టమ్, బిల్ట్-ఇన్ టీక్ ఆల్టర్ అని మందిరం గురించి రాశాను. సౌండ్స్ నైస్ అనుకున్నాను. బిల్ట్-ఇన్ అంటే ఇంటితో వెళ్లిపోతుంది అని నాకు తెలీదు."

"చూశావా?" అన్నాడు చక్రపాణి, కాస్త ఊపిరి పీల్చుకుని. "యాడ్‌లోనే పడింది. ఇంక మనం చేసేదేముంది?"

విజయశ్రీ ఆ ఊపిరిని గమనించింది. ఇరవై రెండేళ్ల కాపురంలో ఆయన నిట్టూర్పుల్లో ఏది బాధో ఏది గండం గడిచిందన్న నిట్టూర్పో ఆవిడకి తెలుసు. దియ తల నిమిరి, "నువ్వు తెలియక రాశావు, ఫర్వాలేదులే" అని గరాజ్‌లోకి వెళ్లిపోయింది.

పన్నెండు దాటాక గరాజ్ ముందు ఓ చిన్న కారు ఆగింది. దిగింది సంహిత. ఒక్కతే వచ్చింది. ముప్పై నిండని పిల్ల, జుట్టు ముడేసుకుని, చేతిలో స్టీలు డబ్బా పట్టుకుని ఉంది.

"ఆంటీ, లోపలికి రావచ్చా? ఉదయ్‌కి చెప్పలేదు నేను వస్తున్నట్టు."

"రామ్మా. కూర్చోడానికే ఏమీ లేదు."

ఇద్దరూ గరాజ్ మెట్టు మీద పక్కపక్కన కూర్చున్నారు. ఎదురుగా దుప్పట్లు చుట్టిన మూటలు. ఒక మూట చివర శిఖరం కొన బయటికి కనిపిస్తోంది. సంహిత దాన్నే చూస్తోంది.

"పులిహోర తెచ్చాను. ప్యాకింగ్‌లో వండుకుని ఉండరని."

"ఎందుకమ్మా ఇవన్నీ."

"మీరు నా మీద కోపంగా ఉన్నారని తెలుసు ఆంటీ. నా సంగతి కూడా వినండి. రెండేళ్లలో పదకొండు ఇళ్లకి ఆఫర్ పెట్టాం, పదకొండూ పోయాయి. ఈ ఇంటికొచ్చిన రోజు ఆ మందిరం ముందు కూర్చుని మొక్కుకున్నాను. ఈ ఇల్లు మాదైతే మొదటి దీపం ఇందులోనే పెడతాను, ఇక్కడే సత్యనారాయణ వ్రతం చేసుకుంటాను అని. ఆదివారం ముహూర్తం. నాకు ఉద్యోగం లేదు ఆంటీ, హెచ్-ఫోర్. రోజంతా ఇంట్లో ఉండాల్సింది నేనే. ఉండబోయే ఇంట్లో ఒక్క మూలైనా నా మనసుకి నచ్చిందని సంతోషపడ్డాను."

విజయశ్రీకి ఈ పిల్ల మీద పొద్దున్నుంచి పెంచుకున్న కోపం ఎటు పోయిందో తెలియలేదు, దాని చోట ఏదో గుచ్చుకుంటోంది.

"ఎవరు చేశారో తెలుసా అది?" అంది.

"యాడ్‌లో కస్టమ్ అని ఉంది. ఎవరో కార్పెంటర్..."

"నేనే."

సంహిత ఆవిడ మొహం వైపు చూసి, తర్వాత చేతుల వైపు చూసింది. ఎడమ బొటనవేలి మీది గీత దగ్గర చూపు ఆగింది.

"నేనూ హెచ్-ఫోర్ మీద ఉన్నప్పుడే" అంది విజయశ్రీ. "రెండేళ్లు పట్టింది."

సంహిత స్టీలు డబ్బా మూత తీసింది, మళ్లీ పెట్టింది.

"నాకిది తెలీదు ఆంటీ. నిజంగా తెలీదు. తెలిస్తే మేం అడిగేవాళ్లమే కాదు. కానీ..." ఆగింది. "కానీ మీరే కదా ఇస్తామన్నారు?"

"నేనా?"

"ఇల్లు పైకప్పు పాతబడింది, బాగుచేయించి ఇమ్మని మేం అడిగాం కదా. దానికి బదులు, పైకప్పు ఉన్నది ఉన్నట్టే తీసుకోండి, దేవుడి మందిరం ఇంటితోపాటే వదిలేస్తాం అని మీరు కౌంటర్ ఆఫర్ పంపారు. ఉదయ్ వద్దన్నాడు. నేనే మొక్కు ఉందని పట్టుబట్టి ఒప్పించాను. మీ ఇద్దరి సంతకాలూ ఉన్నాయి ఆంటీ."

సంహిత ఫోన్‌లో వెతికి చూపించింది. ఒక పేజీ. కింద చక్రపాణి పేరు, దాని కింద విజయశ్రీ పేరు, కంప్యూటరు వంకర్లు తిప్పి రాసిన అక్షరాల్లో. పక్కన తేదీ, సమయం. పోయిన నెల తొమ్మిది, ఉదయం పదకొండు ఇరవై.

ఉదయం పదకొండు ఇరవైకి విజయశ్రీ స్కూల్లో ఉంటుంది. రెండో తరగతి పిల్లల దగ్గర సహాయకురాలి ఉద్యోగం. ఫోను మూడింటిదాకా లాకర్‌లో ఉంటుంది. ఆరేళ్లుగా ఒక్క రోజూ ఆ నియమం తప్పలేదు.

"ఇది నాకు పంపమ్మా" అంది.

"ఆంటీ, ఏమైనా తప్పు చెప్పానా?"

"లేదు. నువ్వొక్కదానివే నిజం చెప్పావు. పులిహోర తింటాంలే. వెళ్లిరా."

చక్రపాణి హాల్లో డ్రిల్ పెట్టె తెరుచుకుని కూర్చున్నాడు. విజయశ్రీ ఫోను ఆయన ముందు నేల మీద పెట్టింది. ఆయన ఒకసారి చూసి, కళ్లద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

"నా మెయిల్ తెరిచి ఈ సంతకం ఎవరు నొక్కారు?"

"కొత్తగా అడుగుతావేంటి విజయా? నీ మెయిల్ నేను కాక ఎవరు చూస్తారు? టాక్సులు, వీసా కాగితాలు, గ్రీన్‌కార్డు, నీ ఉద్యోగం అప్లికేషన్‌తో సహా అన్నీ నేనే కదా చేసింది. పాస్‌వర్డ్ కూడా నువ్వే ఇచ్చావు."

"పాస్‌వర్డ్ ఇచ్చాను. మందిరం ఇచ్చానా?"

"పైకప్పు మార్పించాలంటే నెల పడుతుంది. ఈలోపు అక్కడి ఇల్లు పోయేది. జయంతి, వాళ్లకి మందిరం నచ్చింది అని మాటవరసకి అంది. నీకు నేనే చెప్తాను, నువ్వెత్తకు అని ఆమెతో అన్నాను. నాకు అదొక్కటే దారి కనిపించింది."

"నన్ను అడగాలని కనిపించలేదా?"

"అడిగితే వద్దంటావు."

చెప్పేశాక ఆయనకే ఆ మాట వినిపించినట్టుంది. తల దించుకున్నాడు.

"అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు ఉంది మీ వ్యవహారం" అంది విజయశ్రీ. గొంతు పెంచలేదు. పెంచితే ఏడుపొస్తుందని ఆవిడకి తెలుసు. "పొద్దున పిల్ల తన తప్పు అని ఒప్పుకుంటుంటే ఊపిరి పీల్చుకున్నారు. అది చూశాను నేను. దాని మీదికి నెట్టేద్దామనుకున్నారు."

మెట్ల మీద నిలబడి ఉన్న దియ, "డాడ్, దట్స్ నాట్ ఓకే" అంది నెమ్మదిగా. అని పైకి వెళ్లిపోయింది.

చక్రపాణి ఒక్కడే గరాజ్‌లోంచి మూటలు మోసుకొచ్చాడు. దుప్పట్లు విప్పి ముక్కలన్నీ హాల్లో పరిచాడు. గంటన్నరసేపు ఒక పలక తీసి ఇంకో పలకలో దూర్చి చూశాడు. ఏదీ దేన్లోనూ ఇమడలేదు. మేకులు లేని పని అది. ఏ కీలు ఏ కీలులోకి వెళ్తుందో చేసిన చేతులకి తప్ప తెలియదు. విజయశ్రీ వంటింట్లో దేవుళ్ల పక్కన నిలబడి, సంహిత తెచ్చిన పులిహోర తింటూ, ఆ చెక్కల చప్పుడు వింది. బాగానే ఉంది పులిహోర. చింతపండు కాస్త ఎక్కువైంది.

మూడున్నరకి ఆయన గుమ్మం దగ్గరికి వచ్చాడు. చొక్కా నిండా దుమ్ము.

"ఒక్కసారి వచ్చి చెప్పవా? నాకు రావట్లేదు."

విజయశ్రీ ప్లేటు కడిగి బోర్లించింది. కదల్లేదు.

"తప్పే విజయా. తర్వాత నన్నేమైనా అను. ఇవాళ్టికి గట్టెక్కించు."

సరిగ్గా నాలుగింటికి నోటరీ వచ్చింది. అరవై ఏళ్ల అమెరికన్ ఆవిడ, చేతిలో బరువైన సంచి. వెనకాలే జయంతి వచ్చి, హాల్లో పరిచి ఉన్న ముక్కల్ని చూసి, వాటిని దాటుకుంటూ వంటింట్లోకి నడిచింది.

వంటింటి గట్టే టేబుల్ అయింది. దేవుళ్లని కాస్త పక్కకి జరిపి నోటరీ కాగితాలు పరిచింది. చక్రపాణి చకచకా సంతకాలు చేసేసి, అలవాటుగా విజయశ్రీ కాగితాలు కూడా తన ముందుకి లాక్కుని, ఎక్కడ పెట్టాలో వేలితో చూపించబోయాడు. నోటరీ ఆ కాగితాలు సున్నితంగా ఆయన చేతికింద నుంచి తీసేసుకుంది.

"ఇన్నాళ్లూ ఫోన్‌లో నొక్కినవి ఒప్పందం కాగితాలు" అంది ఇంగ్లీషులో. "ఇది డీడ్. ఇల్లు చేతులు మారేది దీంతోనే. ఎవరిది వాళ్లే, నా ఎదురుగా పెట్టాలి."

నోటరీ విజయశ్రీ డ్రైవర్ లైసెన్సు తీసుకుని, ఫోటోనీ మనిషినీ మార్చి మార్చి చూసింది. లావుపాటి పుస్తకం తెరిచింది. సిరా దిండు మూత తీసి, బొటనవేలు అద్దమంది. ఎమ్మెస్సీ చదివిన విజయశ్రీ వేలిముద్ర వెయ్యడం ఇదే మొదటిసారి. వేలు సిరాలో అద్దింది.

"ముద్ర వేసేముందు ఒక ప్రశ్న. అందరినీ అడుగుతాను" అంది నోటరీ. "ఈ సంతకం మీ ఇష్టంతోనే పెడుతున్నారా?"

విజయశ్రీ వేలు పుస్తకానికి జానెడు దూరంలో ఆగిపోయింది.

వీసాల దగ్గర, బ్యాంకుల దగ్గర, ఇళ్ల దగ్గర ఎన్ని కాగితాలు. ఈ ప్రశ్న ఎవరైనా వేసి ఉంటే అది ఆవిడ దాకా రాలేదు, మధ్యలోనే జవాబు వెళ్లిపోయింది.

"కాదంటే?" అని అడిగింది.

"పుస్తకం మూసేసి వెళ్లిపోతాను."

హాల్లో నేల మీద శిఖరం ఒకపక్కకి ఒరిగి పడుంది. గోడ మీద నాలుగు రంధ్రాలు కనిపిస్తున్నాయి.

విజయశ్రీ మొగుడి వైపు తిరిగి తెలుగులో అంది. "ఏం చెప్పమంటారు? మీరే చెప్పండి. మామూలుగా నా బదులు మీరేగా చెప్తారు."

చక్రపాణి నోరు తెరిచాడు.

వాళ్లేం మాట్లాడుకున్నారో నోటరీకి అర్థం కాలేదు. అయినా ఇద్దరి మొహాలూ చూసి, పుస్తకం విజయశ్రీ వైపు ఇంకాస్త జరిపింది.

"ఆయన కాదమ్మా" అంది. "మీరు చెప్పాలి."